ప్రెప్ కావాలి, ఇన్సూరెన్స్ మాత్రం నాన్నది: అమెరికాలో ఏ దారి మేలు?

హెచ్ఐవీ సోకకుండా ముందుగానే వేసుకునే మందు ప్రెప్. చెప్పినట్టు వాడితే లైంగికంగా హెచ్ఐవీ సోకే ముప్పు దాదాపు 99 శాతం తగ్గుతుందని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. అమెరికాలో దీనికి ఇప్పుడు డబ్బు పెద్ద అడ్డంకి కూడా కాదు. జబ్బు రాకుండా చూసే సేవల్లో ఏవి ఇవ్వాలో సిఫారసు చేసే నిపుణుల బృందం, ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్, 2019లో ప్రెప్‌కు ‘ఎ’ గ్రేడ్, అంటే గట్టి సిఫారసు ఇచ్చింది. దాంతో పాతకాలపు ప్లాన్ల లాంటివి కొన్ని మినహా ప్రైవేటు ఇన్సూరెన్స్‌లు దాదాపు అన్నీ 2021 నాటికి మందును ఉచితంగా ఇవ్వాల్సి వచ్చింది. దానికి సంబంధించిన రక్త పరీక్షలకూ డాక్టరు విజిట్లకూ డబ్బు తీసుకోకూడదని అదే ఏడాది జులైలో ప్రభుత్వం స్పష్టం చేసింది. 2025 జూన్‌లో సుప్రీంకోర్టు కూడా ఈ ఏర్పాటును నిలబెట్టింది.

ఇన్ని ఉన్నా, ఇరవై రెండేళ్ల కుర్రాడు డాక్టరు దగ్గరి దాకా వెళ్లి "ఇన్సూరెన్స్ మా నాన్నది, ఇప్పుడొద్దులెండి" అని లేచి వచ్చేస్తాడు. అమ్మాయిల సంగతీ అంతే. 2010లో వచ్చిన అఫర్డబుల్ కేర్ చట్టం వల్ల పిల్లలు 26 ఏళ్లు వచ్చేదాకా తల్లిదండ్రుల ప్లాన్‌లో ఉండొచ్చు. హెచ్4 వీసా మీద ఉన్నవాళ్లకు 21 దాటితే వీసా మారుతుంది గానీ ఇన్సూరెన్స్ మాత్రం 26 దాకా నడుస్తుంది. మంచి సదుపాయమే. కాకపోతే ఆ ప్లాన్‌లో ఎవరు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా లెక్క చెప్పే కాగితం ప్లాన్ యజమానికి, అంటే నాన్నకో అమ్మకో వెళుతుంది. అందుకే ప్రెప్ తెచ్చుకునే దారుల్లో ఏది చవక అన్న లెక్క కన్నా, ఏ కాగితం ఎవరి చేతికి వెళుతుందన్న లెక్క ముందు చూసుకోవాలి.

ఆ కాగితంలో ఏముంటుంది

దాన్ని ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ బెనిఫిట్స్ అంటారు, వాడుకలో ఈఓబీ. పైన పేషెంట్ పేరు, తేదీ, ఆ కింద క్లినిక్ లేదా ల్యాబ్ పేరు, చేసిన సేవ, వేసిన బిల్లు, ప్లాన్ కట్టింది, మీరు కట్టాల్సింది. ఆఖరి గడిలో 0.00 ఉన్నా మిగతా వరుసలన్నీ ఉంటాయి. కొన్ని కంపెనీలు ‘ల్యాబొరేటరీ’, ‘ఆఫీస్ విజిట్’ అని ముక్తసరిగా రాస్తాయి. కొన్ని పరీక్ష పేరే రాసేస్తాయి. ఏమీ రాయకపోయినా ‘ఇన్ఫెక్షియస్ డిసీజ్ క్లినిక్’ అన్న పేరు కనిపిస్తే ఇంట్లో ప్రశ్న రాక మానదు. మందుల క్లెయిమ్‌లకు పోస్టులో ఉత్తరం రాకపోవచ్చు గానీ వెబ్‌సైట్‌లో కనిపించే వీలుంది. 18 దాటిన పిల్లల వివరాలను కొన్ని కంపెనీలు తల్లిదండ్రుల లాగిన్‌లో చూపించవు, కొన్ని చూపిస్తాయి.

కాగితంతో వచ్చే చిక్కు ఇంకొకటుంది. ప్రెప్‌గా ఇచ్చే ట్రువాడా, దాని జనరిక్ రెండూ హెచ్ఐవీ ఉన్నవారి చికిత్సలోనూ వాడే మందులే. మందు పేరు గూగుల్‌లో కొట్టిన అమ్మకు మొదట కనిపించేది హెచ్ఐవీ చికిత్స. పిల్లవాడు జాగ్రత్తపడుతున్నాడని కాక, జబ్బు వచ్చేసిందని హడలిపోతుంది. ఇంట్లో తెలియడం అంటే పిల్లలు అంత టెన్షన్ పడేది ఇందుకు కూడా.

మొదటి దారి: నాన్న ప్లాన్‌నే వాడుతూ ఉత్తరాలు మళ్లించడం

ప్రతి ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గరా కాన్ఫిడెన్షియల్ కమ్యూనికేషన్ రిక్వెస్ట్ అని ఒక ఫారం ఉంటుంది. నాకు సంబంధించినవన్నీ ఫలానా అడ్రస్‌కో, ఈమెయిల్‌కో, నా సొంత లాగిన్‌కో పంపండి అని అడగడం. ఆరోగ్య సమాచారం గోప్యతకు సంబంధించిన ఫెడరల్ చట్టం హిపా ప్రకారం, సమాచారం బయటపడితే నాకు ప్రమాదం అని మీరు చెబితే, అడిగింది సబబుగా ఉన్నంతవరకు కంపెనీ ఒప్పుకోవాలి. అలా చెప్పకపోతే ఒప్పుకోవాల్సిన పని లేదు. అందుకే ఫారంలో ఆ వాక్యం ఉందేమో చూసి, మీ పరిస్థితికి అది నిజమైతే మొహమాటపడకుండా టిక్ పెట్టండి. ప్రమాదం అంటే కొట్టడమే కానక్కర్లేదు. ఇంట్లోంచి పొమ్మనడం, చదువు ఆపేయడం కూడా ప్రమాదాలే అని నా అభిప్రాయం.

కొన్ని రాష్ట్రాలు ఇంకో అడుగు ముందుకేశాయి. కాలిఫోర్నియాలో 2022 జులై నుంచి, లైంగిక ఆరోగ్యం లాంటి సున్నితమైన సేవల సమాచారాన్ని ప్లాన్ యజమానికి కాకుండా సేవ పొందిన మనిషికే పంపాలి. కారణం చెప్పనక్కర్లేదు, నాన్న అనుమతీ అక్కర్లేదు. అడిగినది ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో అయితే 7 రోజుల్లో, పోస్టులో అయితే 14 రోజుల్లో అమలు చేయాలి. మసాచుసెట్స్, వాషింగ్టన్, ఒరెగాన్ లాంటి చోట్ల కూడా ఇలాంటి చట్టాలున్నాయి. అయితే కాలిఫోర్నియా నియమంలో ఒక మెలిక: మీరు వేరే అడ్రస్ ఇవ్వకపోతే ఉత్తరం మీ పేరు మీదే వస్తుంది, కానీ ఇంటి అడ్రస్‌కే వస్తుంది. మన ఇళ్లలో కవరు మీద ఎవరి పేరుందో చూసి తెరిచేవాళ్లు ఎంతమంది? కాబట్టి చట్టం ఉంది కదా అని ఊరుకోకుండా ఫారం నింపాల్సిందే.

ఇక మన తెలుగు కుటుంబాలు గట్టిగా చూసుకోవాల్సిన విషయం. పెద్ద ఐటీ కంపెనీలు ఉద్యోగులకిచ్చే ప్లాన్లు చాలావరకు సెల్ఫ్-ఫండెడ్. కార్డు మీద ఇన్సూరెన్స్ కంపెనీ పేరే ఉంటుంది గానీ, డబ్బు కట్టేది ఉద్యోగమిచ్చిన కంపెనీ. ఇన్సూరెన్స్ వాళ్లు లెక్కలు మాత్రం చూస్తారు. ఎరిసా అనే ఫెడరల్ చట్టం వల్ల ఇలాంటి ప్లాన్ల మీద రాష్ట్రాల ఇన్సూరెన్స్ చట్టాలు సాధారణంగా పనిచేయవు. మీరు ఉండేది కాలిఫోర్నియాలోనే అయినా నాన్న ప్లాన్ ఈ రకానిదైతే మీకు మిగిలేది హిపాయే. కార్డు వెనకాల నంబరుకు ఫోన్ చేసి "ఇది సెల్ఫ్-ఫండెడ్ ప్లానా, ఫుల్లీ ఇన్సూర్డ్ ప్లానా?" అని అడిగితే చెప్తారు. ఈ ఒక్క ప్రశ్న వేయకుండా ఏ దారీ తేల్చుకోవద్దు.

రిక్వెస్ట్ పెట్టాక, అమల్లోకి వచ్చిందని రాతపూర్వకంగా ఖాయం చేసుకునేదాకా మొదటి విజిట్‌కు వెళ్లకండి. ఫారం పెట్టక ముందు జరిగినవాటిని అది వెనక్కి లాగలేదు. డాక్టరు ఆఫీసులో "మా ఇంటికి ఫోన్ చేయకండి" అని చెప్పడం కూడా మంచిదే, వాళ్లు కారణం అడగకుండా ఒప్పుకోవాలి. కానీ ఆ మాటతో ఇన్సూరెన్స్ కంపెనీ ఉత్తరం ఆగదు. రెండు చోట్లా వేర్వేరుగా చెప్పుకోవాలి.

ఇంత చేసినా గుట్టు బయటపడేది ఎక్కువగా చిన్న పొరపాటు వల్ల. ల్యాబ్ వాళ్లు పరీక్షను ప్రివెంటివ్‌గా కాకుండా మామూలు పరీక్షగా కోడ్ చేస్తే బిల్లు పుడుతుంది, ఆ బిల్లు నేరుగా నాన్నకు వెళుతుంది. 2023 అక్టోబరు నుంచి ప్రెప్ విజిట్‌కు ప్రత్యేకంగా జెడ్29.81 అనే కోడ్ ఉంది. "ప్రెప్ కోసమని, ప్రివెంటివ్‌గా కోడ్ చేయండి" అని డాక్టరు గదిలోనే అడగండి. ఫార్మసీ సంగతీ అంతే. చిన్నప్పటి నుంచి యాంటీబయాటిక్స్ తెచ్చుకున్న ఫార్మసీలో మీ ప్రొఫైల్‌కు అమ్మ సెల్ నంబరే ఉంటుంది. "మీ ప్రిస్క్రిప్షన్ రెడీ" అనే మెసేజ్ ఆమెకే పోతుంది. వేరే ఫార్మసీలో, కొత్తగా, సొంత నంబరుతో మొదలుపెట్టడమే సులువు. పదహారేళ్లప్పుడు అమ్మ పెట్టిన పాస్‌వర్డుతోనే నడుస్తున్న పేషెంట్ పోర్టల్ ఉంటే అదీ మార్చుకోండి.

రెండో దారి: కాలేజీ ప్లాన్

చదువుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. యూనివర్సిటీ స్టూడెంట్ హెల్త్ ప్లాన్‌లో యజమాని మీరే. ఈఓబీ మీకే వస్తుంది. ఇండియా నుంచి ఎఫ్1 వీసా మీద వచ్చినవాళ్లకైతే గుంటూరులోనో వరంగల్లోనో ఉన్న అమ్మానాన్నలకు వెళ్లే కాగితమంటూ ఏదీ లేదు.

కానీ ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లల ఇళ్లలో ఏటా ఆగస్టులో జరిగేది వేరు. "మా ప్లాన్ ఉందిగా, ఇదెందుకు దండగ" అని నాన్న వేవర్, అంటే కాలేజీ ప్లాన్ వద్దనే దరఖాస్తు, పెట్టించేస్తారు. రెండు మూడు వేల డాలర్లు మిగిలే వ్యవహారం కాబట్టి ఆయన్ని తప్పుపట్టలేం. వేవర్ వద్దనడానికి కారణం చెప్పడం కష్టమనిపిస్తే, చెప్పగలిగిన నిజమైన కారణాలు ఉన్నాయి: నాన్న ప్లాన్ నెట్‌వర్క్ వేరే రాష్ట్రంలో సరిగా పనిచేయకపోవచ్చు, క్యాంపస్ క్లినిక్‌లో కాలేజీ ప్లాన్‌తో పని తేలిక.

రెండు ప్లాన్లూ ఉన్నప్పుడు, మీ పేరు మీద ఉన్నదే మొదట కట్టాలనేది సాధారణ నియమం. అయినా కొన్ని కాలేజీ ప్లాన్లు మేం రెండోవాళ్లం అంటాయి. ముందే కనుక్కోండి, క్లినిక్‌లో ఒక్క కార్డే ఇవ్వండి.

ఈ దారిలో బయటపడే చోటు ఫీజుల అకౌంట్. క్యాంపస్ క్లినిక్ చార్జీ ఏదైనా మిగిలితే అది ట్యూషన్ ఫీజు లెక్కలోకి చేరిపోవచ్చు. ఫీజు కట్టడానికి నాన్నకు లాగిన్ ఇచ్చి ఉంటే ‘హెల్త్ సెంటర్’ అనే వరుస ఆయనకూ కనిపిస్తుంది. చార్జీని అక్కడికక్కడే కట్టేస్తానని కౌంటర్లో చెబితే సరిపోతుంది.

ఎఫ్1 విద్యార్థులకు రెండు మాటలు. ఖర్చు తగ్గుతుందని యూనివర్సిటీ ప్లాన్ బదులు బయట కొనే చవక ప్లాన్లలో చాలావరకు ప్రయాణ బీమా తరహావి. ప్రివెంటివ్ సేవలు ఉచితంగా ఇవ్వాలన్న నియమం వాటికి వర్తించదు, ప్రెప్ అందులో ఉంటుందని ఆశపెట్టుకోకండి. రెండోది, హెచ్ఐవీ పరీక్ష చేయించుకుంటే వీసాకు ఇబ్బందేమో అన్న భయం. 2010 జనవరి నుంచి హెచ్ఐవీ ఉన్నవారి మీద కూడా అమెరికాలో ప్రవేశానికి నిషేధం లేదు. ఇక పరీక్ష చేయించుకున్నందుకు వచ్చే ఇబ్బందేముంది? మీ అసలు జాగ్రత్త అపార్ట్‌మెంట్ మెయిల్‌బాక్స్ దగ్గర. నలుగురు రూమ్మేట్లు, ఒకటే తాళం చెవి, అందులో ఒకడి పెదనాన్న మీ ఊరే. ఈఓబీలను పేపర్‌లెస్ చేసుకోండి.

మూడో దారి: ఏ ఇన్సూరెన్సూ లేకుండా

వినడానికి ఖరీదైన దారిలా ఉంటుంది, ఇప్పుడు అంత కాదు. బ్రాండు ట్రువాడా ఒకప్పుడు నెలకు దాదాపు రెండు వేల డాలర్లు. 2020 అక్టోబరులో తొలి జనరిక్, 2021లో మరెన్నో వచ్చాయి. ఇప్పుడు డిస్కౌంట్ కూపన్‌తో నెల మాత్రలు 30 డాలర్ల లోపు దొరికే ఫార్మసీలు ఉన్నాయి. ఆ జనరిక్ చేసే కంపెనీల్లో మన హైదరాబాద్ అరబిందో కూడా ఉంది.

అసలు ఖర్చు పరీక్షలది. మొదలుపెట్టే ముందు హెచ్ఐవీ, హెపటైటిస్ బి, కిడ్నీ పనితీరు పరీక్షలు తప్పనిసరి. తర్వాత మూడు నెలలకోసారి హెచ్ఐవీ, ఇతర లైంగిక వ్యాధుల పరీక్షలు. వీటికి కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ లైంగిక ఆరోగ్య క్లినిక్‌లు, టైటిల్ టెన్ అనే ఫెడరల్ నిధులతో నడిచే ఫ్యామిలీ ప్లానింగ్ క్లినిక్‌లు, కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఉన్నాయి. ఆదాయాన్ని బట్టి ఫీజు, కొన్నిచోట్ల అసలు ఫీజే ఉండదు. వెళ్లగానే "ఇది గోప్యంగా జరగాలి, ఇన్సూరెన్స్‌కు పంపొద్దు" అని చెప్పండి. వాళ్లకిది రోజూ వినే మాటే.

కాలిఫోర్నియాలో ప్రెప్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్, తల్లిదండ్రుల ఇన్సూరెన్స్ ఉన్నా గోప్యత కోసం వాడలేనివాళ్లను కూడా చేర్చుకుంటుంది. ఆ రాష్ట్రంలో ఉండి, నాన్న ప్లాన్ సెల్ఫ్-ఫండెడ్ అయితే నేనైతే ఫారాలతో కుస్తీ పట్టకుండా నేరుగా ఇక్కడికే వెళ్లమంటాను. న్యూయార్క్, వాషింగ్టన్‌లకూ సొంత ప్రోగ్రాములున్నాయి, నిబంధనలు వేరు.

సొంత డబ్బు కట్టేవాళ్ల చేతిలో చాలామందికి తెలియని హక్కు ఒకటుంది. ఏదైనా సేవకు పూర్తి డబ్బు మీరే కట్టేస్తే, ఆ సంగతి ఇన్సూరెన్స్‌కు చెప్పొద్దని డాక్టరును కోరవచ్చు, హిపా ప్రకారం ఆయన ఒప్పుకోవాల్సిందే. ల్యాబ్, ఫార్మసీ వేరే సంస్థలు గనక అక్కడ మళ్లీ విడిగా చెప్పాలి. ఫార్మసీ కంప్యూటర్‌లో పాత కార్డు ఉంటే అలవాటు కొద్దీ దాన్నే కొట్టేస్తారు. "ఇన్సూరెన్స్ వేయకండి, క్యాష్" అని ప్రతిసారీ అనండి. ఇక డబ్బు కట్టే కార్డు నాన్న క్రెడిట్ కార్డుకు అదనంగా తీసిచ్చింది అయితే ఈ శ్రమంతా వృథా, క్లినిక్ పేరు స్టేట్‌మెంట్‌లో అచ్చవుతుంది. కుటుంబం హెచ్ఎస్ఏ (వైద్య ఖర్చుల పొదుపు ఖాతా) కార్డూ అంతే.

ఫోన్‌లోనే అంతా జరిపించే టెలీహెల్త్ సేవలు తేలిక, పల్లెపట్టు కాలేజీల్లో ఉన్నవాళ్లకు వరం. కాకపోతే చాలావరకు ఇన్సూరెన్స్ వివరాలే ముందు అడుగుతాయి. ఇన్సూరెన్స్ లేకుండా అయితే ఎంతవుతుందో తేల్చుకున్నాకే వివరాలు నింపండి.

ఇండియా వెళ్లొచ్చేవాళ్లతో మాత్రలు తెప్పించుకోవచ్చు కదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఇక్కడే ముప్పై డాలర్లకు దొరుకుతున్న మందుకు అంత దూరం దేనికి? పైగా మూడు నెలల పరీక్షలను సూట్‌కేసులో ఎవరూ తెచ్చివ్వలేరు. తెలియకుండా హెచ్ఐవీ సోకి ఉండగా ప్రెప్ వేసుకుంటే వైరస్ మందుకు లొంగకుండా పోయే ప్రమాదం ఉంది. హెపటైటిస్ బి ఉన్నవాళ్లు హఠాత్తుగా ఆపేస్తే లివర్ దెబ్బతినొచ్చు.

సొంత ప్లాన్

ఉద్యోగం వచ్చి, కంపెనీ ప్లాన్ ఇస్తే తీసేసుకోండి, ఈ గొడవంతా అక్కడితో పోతుంది. ఉద్యోగం లేకుండా ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో సొంతంగా ప్లాన్ కొనడం మాత్రం ప్రెప్ కోసమే అయితే నేను చెప్పను. నాన్న ప్లాన్ మీరే వదిలేసుకుంటే మధ్యలో చేరే అవకాశం రాదు, ఏడాది చివర మొదలయ్యే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ దాకా ఆగాలి. నాన్న పన్ను లెక్కల్లో మీరు డిపెండెంట్‌గా ఉన్నంతకాలం సబ్సిడీకీ ఆయన ఆదాయమే లెక్కలోకి వస్తుంది. అన్నిటికీ మించి "ఉన్న ప్లాన్ ఎందుకు వదిలేస్తున్నావురా?" అన్న ప్రశ్నకు ఇంట్లో జవాబు చెప్పుకోవాలి.

మాత్రా, ఇంజెక్షనా

గోప్యత కోణంలో చూస్తే ఈ ఎంపిక తలకిందులవుతుంది. మాత్రల సీసా ఇంట్లో, డార్మ్‌లో కనిపిస్తుంది. రెండు నెలలకోసారి వేసే అప్రెట్యూడ్, 2025 జూన్‌లో ఆమోదం పొందిన ఆరు నెలలకోసారి ఇంజెక్షన్ యెజ్‌టుగో, ఈ రెండూ, యెజ్‌టుగో మొదటి రెండు రోజుల మాత్రలు తప్ప, క్లినిక్‌లోనే అయిపోతాయి. ఆ తర్వాత ఇంట్లో దాచాల్సిందేమీ ఉండదు. ఇంటివాళ్లతో కలిసి ఉంటూ, సొంత ప్లాన్ ఉన్నవాళ్లకు ఇంతకన్నా మంచిది లేదు.

నాన్న ప్లాన్ మీదైతే నాకు ఇవి భయం. యెజ్‌టుగో ఏడాది ధర 28,218 డాలర్లు. చివరి గడిలో సున్నా ఉన్నా, బిల్లు గడిలో పద్నాలుగు వేలు కనిపిస్తే ఏ తండ్రైనా కళ్లద్దాలు సవరించుకుని చదువుతాడు. దానికి తోడు ముందస్తు అనుమతి ఉత్తరాలు ఒకటికి రెండు వస్తాయి. ప్రెప్‌కు వాడే మరో మాత్ర డెస్కోవీకి కూడా అనుమతి అడిగే ప్లాన్లున్నాయి. పైగా యోని ద్వారా సంభోగంలో ముప్పు ఉన్నవాళ్లకు డెస్కోవీకి ఆమోదమే లేదు, కాబట్టి అమ్మాయిలు ఆ వైపు చూడనక్కర్లేదు. కిడ్నీలు బాగున్నవాళ్లకు సాదా జనరిక్ మాత్రే చాలు. అది ఎవరి దృష్టినీ లాగదు. సీసా ఇబ్బందైతే వారం పెట్టెలోకి మార్చుకోవచ్చు.

(ఇదే యెజ్‌టుగో మందు జనరిక్‌ను హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్, హెటెరో కంపెనీలు 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకు ఇస్తామన్నాయి. 120 అల్ప, మధ్యాదాయ దేశాలకు. అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఆ ధర వర్తించదు.)

మాత్ర మొదలుపెట్టగానే రక్షణ రాదు. ఆసన సంభోగానికైతే సుమారు 7 రోజులు, యోని ద్వారా అయితే సుమారు 21 రోజులు రోజూ వేసుకున్నాక పూర్తి రక్షణ. కాగితాల పని తెమలడానికి రెండు వారాలు పట్టొచ్చు. ఈ రెండూ కలిపి లెక్కేసుకుని ముందుగా కదలండి.

ఈలోపు ముప్పు జరిగిపోయిందనిపిస్తే అది వేరే మందు, పెప్. 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది, 28 రోజులు వేసుకోవాలి. క్యాంపస్ క్లినిక్, కౌంటీ క్లినిక్ తెరిచి ఉంటే అక్కడికి వెళ్లండి. శనివారం రాత్రి ఎమర్జెన్సీ రూమ్ తప్ప ఏదీ లేకపోతే నాన్న కార్డే ఇచ్చి మందు మొదలుపెట్టండి, మర్నాడు పొద్దున ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి కాన్ఫిడెన్షియల్ రిక్వెస్ట్ పెట్టండి. ఈఓబీ తయారవడానికి సాధారణంగా కొన్ని రోజులు పడుతుంది, ఆపగలిగితే ఆ లోపే ఆపాలి.